భుజం దిగిన ఫిడేలు

పిస్కాటవేలో ఉన్న పదేళ్లూ అమెరికన్ ఆర్కెస్ట్రాలో ఫిడేలు వాయించానని గుడికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవాణ్ణి. పూర్తి అబద్ధమేం కాదు. వాయించింది రెండుసార్లు. మిగతా కాలమంతా కుర్చీలు వేశాను, ఫ్లాస్కులోంచి కాఫీ పోశాను.

మా అమ్మాయి ఇంటికి రెండు వీధుల అవతల చర్చి హాల్లో ఓ పదిహేను మంది రిహార్సల్ చేసేవారు. బరోక్ అంటారు, మూడు వందల ఏళ్ల నాటి యూరప్ సంగీతం. దాన్ని ఆనాటిలాగే గొర్రె పేగుతో చేసిన తీగల మీద వాయించేవారు. వాళ్లని నడిపించేది నా వయసే ఉన్న ఒకావిడ. చేతిలో తాళం చూపించే పుల్ల ఉండదు. తనూ ఫిడేలు వాయిస్తూ, గట్టిగా ఊపిరి పీల్చి ఎత్తుగడ ఇచ్చేది. పాతికేళ్ల వయసు నుంచీ అంతేనట. పెద్ద ఆర్కెస్ట్రాలు పిలిచినా, స్టీలు తీగలు వేసుకోమన్నారని వెళ్లలేదట.

2013 చలికాలంలో ఆవిడ ఎడమ భుజం పట్టేసింది. ఫిడేలు మానెయ్యమన్నాడు డాక్టరు. ఉత్త చేతులతో నడిపించండని బృందంలో వాళ్లు బతిమాలారు.

"వయొలిన్ లేకుండా చేతులు ఊపడం నాకు రాదు" అంది. "ఏప్రిల్ కచేరీ వాయించగలిగితే ఉంటాను. లేకపోతే ఇంతటితో ఆపేస్తాను."

"భుజం ఎందుకండీ, కాలుంది కదా" అన్నాను.

నెల రోజుల్లో మా పద్ధతి నేర్పేస్తానని కోతలు కోశాను. బెజవాడలో మా గురువుగారు నాకు కూర్చోవడమే ఏడాది నేర్పారని మాత్రం చెప్పలేదు. మఠం వేసుకుని, కుడికాలు కాస్త ముందుకు పెట్టి, ఫిడేలు తల చీలమండ మీద ఆనించి, రెండో కొస గుండెకి చేర్చాలి. బరువంతా కాలే మోస్తుంది. మొదటిరోజు ఆవిడ మోకాళ్ల కింద మూడు దిండ్లు పెట్టాం. మీ దేశంలో సంగీతం నేర్పేది ఫిజియోథెరపిస్టులా అని నన్ను ఆటపట్టించింది.

నెల కాదు, మూడు నెలలు పట్టింది. పైగా ఇంకో చిక్కు వచ్చిపడింది. ఫిడేలుని పట్టుకునే పని తప్పేసరికి ఎడమచెయ్యి తీగ మీద హాయిగా జారడం మొదలెట్టింది. నిక్కచ్చిగా నిలవాల్సిన స్వరంలో సన్నగా గమకం పలికింది. బృందమంతా నావైపే చూసింది. నేను కాఫీ పొయ్యడానికి లేచాను. ఆ జారుడు వదిలించుకోవడానికి ఆవిడకి ఇంకో రెండు వారాలు పట్టింది.

కచేరీ రోజు వేదిక మీద తివాచీ పరిచి ఆవిడ కూర్చుంది, మిగతావాళ్లు చుట్టూ నిలబడ్డారు. ఆ రోజు కచేరీ నేనే నడిపించానని గుడిలో చెప్పాను. నిజానికి ఆవిడకి లేవడానికి చెయ్యి అందించాలని పక్కన కూర్చోబెట్టారంతే. అలవాటుకొద్దీ తొడ మీద తాళం వేస్తుంటే, ఇటు తిరక్కుండానే కమాను కొసతో నా చెయ్యి నొక్కి ఆపేసింది.

గంటసేపు ఎక్కడా తడబడకుండా వాయించింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు. వంగి దండం పెట్టాలి కాబట్టి చెయ్యి అందించబోయాను.

"కాలు తిమ్మిరెక్కింది, లేవలేను" అంది మెల్లిగా.

నాదీ అంతేనన్నాను.

ఇద్దరం ముందుకే చూస్తూ నవ్వాపుకున్నాం. చప్పట్లు ఆగడం లేదు. భుజం ఎలా ఉందని అడిగాను.

"భుజమా? దాని సంగతే మర్చిపోయాను" అని, ఫిడేలు మళ్లీ చీలమండకి ఆనించి, గట్టిగా ఊపిరి పీల్చింది.