మేనత్త చేసిన పిన్ను

మా మేనత్త పళ్ల మధ్య పిన్ను పట్టుకునే మాట్లాడేది. గనులు జోరుమీదున్న రోజుల్లో ఖనిజం ఏరే పనికి వెళ్లేది. టోపీ లేకపోతే మేస్త్రీ ఇంటికి పంపేసేవాడు. గాలేమో రోజూ టోపీని లాక్కుపోయేది. అందుకే సైకిల్ స్పోకును అరగదీసి, నడుమ మెలిక పెట్టి, కొత్త పిన్ను తయారుచేసింది.

దాన్ని పరీక్షించడానికి నా బండి ఎక్కింది. బడిలో ఏ పరీక్షా గట్టెక్కని నన్నే నమ్ముకుంది, పాపం.

"ఇంకా జోరుగా పోనీ అల్లుడా!"

హగరి దారిలో లారీ ఒకటి పక్కనుంచి దూసుకుపోయింది. ఆ గాలికి టోపీతోపాటు కొప్పూ ఎగిరిపోయింది! అత్త పిన్ను గుచ్చింది సొంత జుట్టుకు కాదు, సవరానికి. సవరం లేనిదే ఆమె వాకిలి దాటదు. ఏడుస్తుందేమోనని భయపడుతూ ఏరుకొచ్చాను.

"అత్తా, నీ కొప్పు ఊరిడిసి పోతాండె."

ఆమె టోపీని గుంజి చూసింది. సవరం వదల్లేదు.

"చూస్తివా, పిన్నుది తప్పేం లేదప్పా!"

మర్నాడు సాయంత్రం ఒళ్లంతా ఎర్రదుమ్ముతో, తలమీద టోపీతో పని నుంచి తిరిగొచ్చింది. సవరం ఇంట్లో మేకుకే వేలాడుతోంది.

"ఉత్త తలతోనే పోయినావా అత్తా?"

పిన్ను, టోపీ తీసి నిమ్మకాయంత ముడిని తడుముకుంది.

"నాలుగెంట్రుకలైనా నావే గదరా. యాడికీ పోలేదు."