ఇంద్రమ్మ నేర్పిన నెమ్మది

వికారాబాదులో మా నర్సుల ట్రైనింగ్ స్కూలుకు ఇంద్రమ్మ సిస్టరే దిక్కు, ఆమే దడ. ఆమె చెప్పుల చప్పుడు వింటే మా చేతుల్లో థర్మామీటర్లు నిలిచేవి కావు. 1979లో, పిల్లలు మరీ బెదిరిపోతున్నారని పెద్ద డాక్టరు మందలిస్తే ఆమె దానికీ మందు కనిపెట్టింది. పడుచుతనంలో హైదరాబాదులో ఓ చీనా దేశపు పళ్ల డాక్టరు ఇంట్లో నేర్చుకున్న కసరత్తు అది. తెల్లారేసరికి మేమంతా మేడ మీద ఉండాలి. ఆకాశాన్ని మోస్తున్నట్టు చేతులు మెల్లగా ఎత్తాలి, ఊపిరి మెల్లగా వదలాలి. మనసు కుదుటపడని పిల్లకు ఆ పూట టిఫిన్ లేదు. ఆ భయానికే కుదుటపడ్డాం.

తాండూరు షరీఫాకు మాత్రం కుదరలేదు. ఇంద్రమ్మ పక్కన నిలబడితే చాలు, సూది పట్టిన చెయ్యి వణికేది. మొదటి ఏటి పరీక్షలో వణికితే తాండూరు రైలెక్కించి ఇంటికి పంపేస్తానని ఇంద్రమ్మ తేల్చి చెప్పింది. నర్సు కావడం తప్ప షరీఫాకు వేరే కోరిక లేదు. పరీక్షకు ముందు సెలవులో ఇంటికెళ్లి కూడా, పాపం, వాకిట్లో కసరత్తు చేసింది. మనవరాలు కళ్లు మూసుకుని గాలిలో చేతులు తిప్పుతుంటే ఏ ముసలమ్మకైనా ఏం తోస్తుంది? గాలి సోకిందని నాయనమ్మ ఖాదర్‌బీ దర్గాకు లాక్కెళ్లి, దండచేతికి తాయెత్తు కట్టించింది.

పరీక్ష రోజు రైలు ఆలస్యమై కసరత్తు తప్పిపోయింది. వార్డులో తాయెత్తులేమిటని ఇంద్రమ్మ గేటు దగ్గరే విప్పించి తన జేబులో వేసుకుంది. ఇక షరీఫా పని అయిపోయిందనుకున్నాం. బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు మా సిస్టర్లను వరండాలోనే ఉండమంది. లోపల షరీఫా, దోమ అనే ఊరి నుంచి వచ్చిన బీరయ్య తాతకు సూది వేసింది. వేసి పక్కకు జరిగాక కూడా ఆయన, ఇంకెప్పుడేస్తవ్ బిడ్డా అని అడిగాడట.

సాయంత్రం ఇంద్రమ్మ ఆమెను అందరి ముందూ నిలబెట్టి, చీనా కసరత్తు మహిమ చెప్పమంది. షరీఫాకు అబద్ధం చేతకాదు.

"పొద్దుగాల కసరత్తు చెయ్యలే సిస్టరమ్మా. తాయెత్తు మీ తాననే ఉండె. గాడ మీరు లేరు గద, గందుకే చెయ్యి వణకలే."

ఇంద్రమ్మ జేబులోంచి తాయెత్తు తీసి ఇచ్చింది. ఇస్తుంటే ఆమె చెయ్యి వణికింది. చూడలేక నేను తల తిప్పుకున్నాను.

మర్నాడు మేడ మీద ఆమె మా ముందు నిలబడలేదు. చివరి వరుసలో, షరీఫా వెనక నిలబడి చేతులెత్తింది. ఆ పూట టిఫిన్ అందరికీ పెట్టారు.