రాహేలు చిక్కిపోతుంటే

నాలుగేళ్లుగా ఒక మాట నా లోపల కుళ్లుతోంది. మీరు నన్నెరుగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గుమ్మలక్ష్మీపురం దగ్గర ఒక కొండ ఊళ్లో బడిపంతుల్ని. నా భార్య రాహేలు. పెళ్లయిన మూడేళ్లకి ఆమెకు థైరాయిడ్ తగ్గి ఒళ్లు వచ్చింది. రోజూ పరగడుపున మాత్ర వేసుకునేది. అది జబ్బని తెలిసీ నలుగురిలో ‘మా గాదె’ అనేవాణ్ణి. చర్చికి వెళ్తే పదడుగులు ముందు నడిచేవాణ్ణి, ఆమె నా మనిషి కానట్టు.

ఒక ఏడాది వానలు వెనకబట్టే వేళకి ఆమె చిక్కడం మొదలైంది. మాత్ర అదే, తిండి అదే. జాకెట్లు రెండుసార్లు బిగించి కుట్టుకుంది. నాకు సంబరం. కురుపాంలో స్నేహితుడి గృహప్రవేశానికి బండి మీద తీసుకెళ్లి, కొత్తగా కొన్న వస్తువులా అందరికీ చూపించుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఆమె ఒళ్లు కాలేది, దగ్గేది. చూడలేదా? చూశాను.

మా బడి పిల్లలకు మాత్రలివ్వడానికి వచ్చిన నర్సమ్మకు రాహేలు థైరాయిడ్ సంగతి తెలుసు; దారిలో ఆమెను దూరం నుంచి చూసిందట, నన్ను పక్కకి పిలిచింది. థైరాయిడ్ తక్కువున్న మనిషి ఏ మార్పూ లేకుండా ఇంతలా చిక్కకూడదని, లోపల ఇంకేదో ఉందని, వెంటనే పార్వతీపురంలో పరీక్షలు చేయించమని చీటీ రాసిచ్చింది. ఆమె వెళ్లగానే దాన్ని మధ్యాహ్న భోజనం పొయ్యిలో పడేశాను.

ఎందుకు? భయమా? ఖర్చా? కాదు. వైద్యం చేస్తే మళ్లీ లావవుతుందేమోనని. అంతే. ఇది రాస్తున్న చేతిని చూస్తే నాకే రోత పుడుతోంది.

ఇంటికి రాగానే రాహేలు అడిగింది.

“నర్సమ్మ బడికొచ్చిందట. నా గురించి ఏటందండీ?”

“ఏటీ లేదంది. మాత్రలు ఇప్పటికి ఒంటికి పట్టాయంది.”

“మరి ఈ నీరసమేటి?”

“చిక్కితే అలాగే ఉంటాది.”

నమ్మింది. మూడు నెలలు నమ్మి, ఒకరోజు సంతలో రక్తం కక్కి కూలబడింది. పార్వతీపురంలో క్షయ అన్నారు. ముందే తెచ్చుంటే ఒక ఊపిరితిత్తి ఇంతగా పాడయ్యేది కాదన్నాడు డాక్టరు. మాకు తెలియలేదు సార్ అన్నాను. నర్సమ్మకు అప్పటికే బదిలీ అయిపోయింది.

రాహేలు బతికింది. మా వీధి ఎత్తు ఎక్కడానికి రెండుచోట్ల కూర్చుంటుంది. జబ్బు నయమైన ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. “మా ఆయన బేగి ఆస్పత్రికి తీసుకెల్లబట్టే నానివాళ ఇక్కడ నిలబడ్డాను,” అంది. అందరూ హల్లెలూయ అన్నారు. నేనూ అన్నాను, ఆ నోటితోనే.

ఇప్పుడామె మళ్లీ కాస్త ఒళ్లు చేసింది. నిన్న రెండోసారి అన్నం పెట్టుకుంటుంటే నా కళ్లు ఆమె కంచం మీదకి పోయాయి. ఇంత జరిగాక కూడా. ఆమె గమనించి, సగం అన్నం గిన్నెలో తిరిగి వేసేసింది. నేను వద్దనలేదు.

రాహేలుకి చెప్తానో లేదో తెలియదు. మీకు చెప్పాను. గుండె కాస్త తేలికపడింది. అలా తేలికపడటం కూడా నాకు అసహ్యంగానే ఉంది.