ముందుపంటి మీద గాటు

బస్సు గతుకులో పడ్డప్పుడల్లా ఆయమ్మ ఒళ్ళో ఉన్న స్టీలు డబ్బాలో కట్టుడు పళ్ళు టకటకమంటున్నాయి. మూత బిగుతుగానే ఉంది గానీ లోపల నీళ్ళున్నాయి, అందుకని చంటిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. నోటికి అడ్డంగా రుమాలు కట్టుకుంది.

పక్క సీట్లో కూలబడ్డ మనిషి కాసేపు ఓరగా చూసి, "ఏం ఆయమ్మా, మూతికి గుడ్డ కట్టుకుని ఎవరింటికి కన్నం వెయ్యడానికి?" అన్నాడు.

ఆమె రుమాలు కిందికి లాగింది. అతని నవ్వు అక్కడే ఆగిపోయింది. పళ్ళు లేని ముఖం సామాన్లు తీసేసిన ఇల్లు లాంటిది. గోడలు అవే, గుమ్మం అదే, కానీ నిన్నటిదాకా అందులో కాపురమున్నవాళ్ళకి కూడా కొత్తగా ఉంటుంది.

అతన్ని అందరూ పళ్ళ మేస్త్రి అంటారు. ఆయమ్మ ఇరవయ్యారేళ్ళు ఆయాగా చేసిన పళ్ళ ఆసుపత్రిలో, వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు చేసేవాడు. ఏడాది కిందట మానేసి వేరేచోట చేరాడు. ఆయమ్మ అతనికంటే ఆరునెలల ముందే, వయసు మీద పడి మానేసింది.

"నీ పళ్ళ సెట్టు ఏమైంది మరి?" అన్నాడు మేస్త్రి.

"మా తమ్ముడు వండేశాడు."

తమ్ముడిది సెలూను. కత్తి గానీ, కత్తెర గానీ, దువ్వెన గానీ, సలసల కాగే నీళ్ళలో ముంచి తీస్తే తప్ప అతని లెక్కలో శుభ్రం కాదు. అక్కకి రెండ్రోజులు జ్వరం వస్తే, డబ్బాలో నీళ్ళు మార్చమన్న పాపానికి కెటిల్ ఎత్తి పోశాడు. "అక్క పళ్ళు కదా అని ఇంకాస్త ఎక్కువసేపు ఉంచానే," అని చెప్పుకున్నాడు పైగా. తిట్టడానికి ఆమెకి నోరు రాలేదు. ప్రేమగా చేసిన తప్పుకి శిక్ష ఏమిటో ఏ శాస్త్రంలోనూ రాసిపెట్టలేదు.

అసలు వేడినీళ్ళు పొయ్యకూడదని ఆ చుట్టుపక్కల ఎవరికైనా తెలిసిందంటే ఆయమ్మ వల్లే. కొత్త సెట్టు పెట్టించుకున్న ప్రతివాళ్ళనీ డాక్టరమ్మ ఆమె దగ్గరికే పంపేది. "బేసిన్లో సగం నీళ్ళు పోసి దాని మీద పట్టుకుని తోమండి. చెయ్యి జారినా నీళ్ళలో పడుతుంది, విరగదు. మెత్తటి బ్రష్షు, కాస్త సబ్బు చాలు. పేస్టు వద్దు, గీతలు పడతాయి. పడుకునేముందు తీసి చల్లటి నీళ్ళలో వెయ్యండి, ఎండితే వంకర పోతాయి. చిగుళ్ళని తడిగుడ్డతో తుడుచుకోండి, పళ్ళకి లేకపోయినా వాటికి ప్రాణముంది." వేలమందికి ఇదే పాఠం. ఈ పాఠం చెబుతూ చెబుతూనే ఆమె పళ్ళు ఒక్కొక్కటే రాలిపోయాయి. చెప్పులు కుట్టేవాడి కాళ్ళకి చెప్పులుండవంటారు, అలాగే అనుకోండి.

అందుకే ఆఖరి రోజున డాక్టరమ్మ చేసిన పని ఆమెకి అంత గొప్పగా తోచింది. అంతకుముందు వారమే ఆయమ్మ నోటి అచ్చు తీసుకుంది. ఇరవయ్యారేళ్ళుగా ఆయమ్మ రోజూ తుడిచిన ఆ కుర్చీలోనే ఆయమ్మని కూర్చోబెట్టి, అందరి ముందూ సెట్టు నోట్లో పెట్టి, "ఇది నీ కోసమే చేయించాను పెద్దమ్మా," అంది. ఆయమ్మ అద్దంలో చూసుకుని ఏడ్చింది. ఆ మాట వీధి వీధంతా చెప్పింది. పళ్ళు చూపించడానికే నవ్వేదని ఇరుగుపొరుగు వేళాకోళం చేసేవాళ్ళు. నిజానికి మొదటి రోజునుంచే పై సెట్టు ఎడమవైపు ఒరుసుకునేది. వెళ్ళి చెబితే, "నీ చిగుళ్ళు పాతబడ్డాయి పెద్దమ్మా, అలవాటు చేసుకోవాలి," అంది డాక్టరమ్మ. ఏడాదిన్నరగా ఆయమ్మ తన చిగుళ్ళనే తిట్టుకుంటోంది.

"ఏదీ, ఇలా ఇవ్వు," అని మేస్త్రి డబ్బా మూత తీశాడు. సెట్టుని వెలుతురుకి పట్టి చూశాడు. అంగిలికి ఆనుకునే గులాబీరంగు పొర పాత గోడ సున్నంలా పెచ్చు లేచింది. దాని కింద ఇంకో గులాబీ పొర ఉంది, ముదురుది, పాతది. మేస్త్రి గబుక్కున దాన్ని నీళ్ళలో వేసి మూత పెట్టేశాడు.

"ఏం, మాట్లాడవేం?"

"వేడికి పాడైంది. అంతే."

మనిషి అబద్ధం ఆడుతున్నాడో లేదో చెప్పడానికి రకరకాల దేశాల్లో రకరకాల పరీక్షలు పెట్టారు, నాలిక మీద కాల్చిన ఇనుము పెట్టడం దాకా. ఇరవయ్యారేళ్ళు జనం నోళ్ళలోకి చూసిన మనిషికి అవేవీ అక్కర్లేదు. ఆయమ్మ డబ్బా లాక్కుని సెట్టు తీసి వేలితో తడిమింది. పొర, దాని కింద పొర. తర్వాత ముందుపళ్ళు. పై వరసలో నడిమి పంటి అంచున వేలు ఆగింది. అక్కడ ఎప్పుడో నింపిన ముద్ద ఊడిపోయి, సన్నటి గాటు బయటపడింది.

ఆ గాటు ఆమెకి తెలుసు. ఏ పనివాడి పళ్ళు ఆ పనివాడికి సాక్ష్యం చెబుతాయి. మేకులు నోట్లో పెట్టుకునే వడ్రంగికి ఒక గాటు, చుట్ట కాల్చేవాడికి ఒక గాటు, గుండుసూదులు పంటికింద పట్టుకునే దర్జీకి ఒక గాటు. ఆసుపత్రికి వచ్చే బక్కపలచటి దర్జీ ఒకడు కట్టుడు పళ్ళతోనే సూదులు పట్టేవాడు. "పళ్ళా, సూదులు గుచ్చుకునే దిండా?" అని ఆయమ్మ దులిపేసేది. "ఇది నా మూడో చెయ్యి ఆయమ్మా," అనేవాడు. సెట్టు వదులైందని బాగుచెయ్యడానికి ఇచ్చి, ఆ వారమే పోయాడు. సెట్టు ఆసుపత్రిలోనే ఉండిపోయింది. ఎవరైనా వస్తారేమోనని, ఎండిపోకూడదని, నాలుగు నెలలపాటు రోజూ పొద్దున్నే దాని నీళ్ళు మార్చింది ఎవరనుకున్నారు? ఆయమ్మే. ఒకరోజు అది కనిపించలేదు. "వాళ్ళవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళారు," అంది డాక్టరమ్మ. ఆ నెలాఖరుకే ఆయమ్మ పని మానేసింది.

"ఇది దర్జీది," అంది ఆయమ్మ.

మేస్త్రి కిటికీలోంచి బయటికి చూశాడు. "లోపల పొర వేసి, గాటు పూడ్చి ఇమ్మన్నారు. చెప్పిన పని చేశాను."

"నాకని తెలిసే చేశావా?"

"తెలిసే. పోనీలే ఆయమ్మా, దానమిచ్చిన గోవుకి ఎవరైనా పళ్ళు పట్టి చూస్తారా?" అన్నాడు.

"గోవుకి దాని పళ్ళే ఉంటాయి కదయ్యా. ఇంకోదాని పళ్ళు తెచ్చి పెట్టరుగా."

అతను లేచాడు. "నేనిక్కడ దిగాలి," అన్నాడు. అది అతని స్టాపు కాదని ఇద్దరికీ తెలుసు.

మిగిలిన దారంతా ఆమె డబ్బా మూత వంకే చూస్తూ కూర్చుంది. చచ్చినవాడి పళ్ళని కాదు బాధ. దర్జీ మంచివాడు, ఎవరికీ కొలత తప్పు కుట్టి ఎరగడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, తనది అంతకన్నా అన్యాయం. నానబోసింది కూడా తనే. ఇంక తేలాల్సింది ఒక్కటే. ఆ కుర్చీలో కూర్చోబెట్టి అందరి ముందూ డాక్టరమ్మ అన్న మాటలో, ఏ మూలో ఆవగింజంతైనా నిజముందా? పనివాడు ఏదో చేసి అంటగడితే ఆవిడకి తెలియకపోయిందేమో! బస్సు దిగేదాకా ఆయమ్మ ఆ 'ఏమో'ని వదల్లేదు.

మేడమీది ఆసుపత్రిలో డాక్టరమ్మ సెట్టు చూస్తూనే అంతెత్తున లేచింది. "వేడినీళ్ళు పోశావా పెద్దమ్మా! ఊరందరికీ పాఠం చెప్పి నువ్వే పోశావా?"

"నా అచ్చు ఎందుకు తీశారమ్మా?"

"ఏమిటి?"

"సెట్టు దర్జీది అయినప్పుడు, నా నోటి అచ్చు ఎందుకు తీశారు?"

డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పి, మళ్ళీ తొడుక్కుంది. "ఏ దర్జీ? ఎవరు చెప్పారు నీకు?"

ఆయమ్మ వేలితో గాటు చూపించింది. ఇంక బుకాయించడానికి లేదు.

"లోపల పొర సరిపోవాలిగా, అందుకు తీశాను. చూడు పెద్దమ్మా, బంగారంలాంటి సెట్టు. ఎవరూ అడగడానికి రాలేదు, ఊరికే పారెయ్యడమెందుకని... బయటివాళ్ళకైతే నేనలా చేస్తానా? నువ్వు మన మనిషివి. నువ్వేం అనుకోవులే అనుకున్నాను."

ఆయమ్మ ఇన్నాళ్ళూ ఆ మాటకోసమే పడిగాపులు కాసింది, మన మనిషివి అనిపించుకోవాలని. సెలవులు మానుకుంది, తమ్ముడి పెళ్ళికి సగం పూట ఆలస్యంగా వెళ్ళింది. ఆ మాట ఇవాళ వచ్చింది. వచ్చి, ఇందుకు అక్కరకొచ్చింది.

"ఒరుసుకుంటోందని చెప్పినప్పుడు కూడా నా చిగుళ్ళదే తప్పన్నారు," అంది, చాలా నెమ్మదిగా.

"సర్లే, ఇప్పుడేమైంది? కూర్చో. కొత్తది చేయిస్తాను. కూర్చో పెద్దమ్మా, చంపకు."

అలవాటైన కాళ్ళు, చెప్పులు విడిచేసి వెళ్ళి కూర్చున్నాయి. డాక్టరమ్మ గోడవైపు తిరిగి గిన్నెలో పొడి వేసి, నీళ్ళు పోసి గబగబా కలపడం మొదలుపెట్టింది. అచ్చు తీసే ఆ పిండి రెండు నిమిషాల్లో గట్టిపడిపోతుంది, ఆలోగానే నోట్లోకి పోవాలి. అందుకే కలిపేటప్పుడు ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

"ఈసారి నిజంగా నీ కోసమే పెద్దమ్మా," అంటోంది డాక్టరమ్మ కలుపుతూ. "రంగు కూడా నువ్వే ఎంచుకో. ఆ దర్జీ సంగతి మాత్రం బయట ఎక్కడా అనకు, బాగుండదు. మన మధ్యే ఉండనీ."

ఆయమ్మ కుర్చీ దిగింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. ఒకామె నవ్వింది గానీ, ఆయమ్మకి తిరిగి నవ్వడానికి ఏముంది?

మెట్ల మలుపులో ఉండగా పైనుంచి వినిపించింది. "ఊఁ, నోరు పెద్దగా తెరువు పెద్దమ్మా..."

తర్వాత గిన్నె బల్లమీద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత, "పెద్దమ్మా?"

ఆయమ్మ మిగిలిన మెట్లు ఒక్కొక్కటే దిగి, రోడ్డు మీదికి వచ్చి, ఎడమపక్కకి తిరిగి నడిచి వెళ్ళిపోయింది.