పూజలో కూర్చున్న బ్యాట్లు

మా ఇంట్లో టెన్నిస్ రాకెట్‌ను రాకెట్ అనేది నేనొక్కదాన్నే. నాయనకు అది బ్యాటు. అవ్వకూ బ్యాటే, కాకపోతే కోపమొచ్చినప్పుడు జల్లెడ. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు మాది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని చేసేది పని, తక్కినవన్నీ ఆటలు. నేను పొద్దున్నే రైలెక్కి హిందూపురం పోయి, అక్కడి మట్టి కోర్టులో ఎండకు మాడి, ఒళ్లు హూనమై తిరిగొస్తే, "ఆడింది చాల్లే, వచ్చి కండెలు చుట్టు" అనేది అవ్వ. ఆడింది చాలట! నాకు ఒళ్లు మండిపోయేది.

ప్రొఫెషనల్ అయ్యానని నేను చెప్పుకోవడమే తప్ప లోకం ఇంకా ఒప్పుకోలేదు. ర్యాంకుల దారిలో కాలు పెట్టాలంటే ముందు ఒక్క పాయింటు రావాలి. అది రావాలంటే పెద్ద టోర్నమెంటులో, మెయిన్ డ్రాలో, ఒక్క మ్యాచ్ గెలవాలి. నేను ఊరూరా పోయి శుభ్రంగా మొదటి రౌండులోనే ఓడిపోయి వచ్చేదాన్ని. ఈలోగా అవ్వ ఊరుకుందా? పెనుకొండలో ఒక ప్రైవేటు బడి నడిపే తన పుట్టింటివైపు మనిషిని పట్టి, నాకు ఆటల టీచరు ఉద్యోగం ఖాయం చేసింది. దసరా దాకా గడువు. పాయింటు వస్తే సరి, రాకపోతే పెనుకొండ. ఆ మాట అయినప్పటినుంచీ రైలు పెనుకొండలో ఆగితే నేను మొహం అవతలి కిటికీవైపు తిప్పుకునేదాన్ని. పాపం, ఆ ఊరు నాకేం చేసింది!

ఆఖరి అవకాశం బెంగళూరులో వచ్చింది. మ్యాచ్ ఆయుధపూజ మరునాడు పొద్దున. పూజ రోజు మధ్యాహ్నం బండికి పోవాలి.

ఆయుధపూజకు మా ఇంట్లో మగ్గం, దారం తోసే నాడె, కత్తెర, ఆఖరికి నాయన మోపెడ్ కూడా బొట్టు పెట్టించుకుంటాయి. నా రాకెట్లకు మాత్రం ఎన్నడూ ఆ భాగ్యం లేదు. "అన్నం పెట్టేవాటికే పూజ" అనేది అవ్వ. ఆ ఏడు నాయనకు జాలేసినట్టుంది. అవ్వ పొయ్యి దగ్గరున్నప్పుడు నా రాకెట్లన్నీ తెచ్చి, మగ్గం పక్కన పీట మీద పెట్టి, పసుపు పూసి, తీగల నిండా కుంకుమ అద్ది, చామంతిపూలు చుట్టేశాడు. హారతి కూడా అయిపోయింది. సంచి భుజాన వేసుకుని వచ్చిన నేను అది చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. మరుక్షణం అసలు సంగతి గుర్తొచ్చింది. పూజలో కూర్చున్న వస్తువును మరునాడు పొద్దున హారతిచ్చి, కొబ్బరికాయ కొట్టేదాకా ముట్టుకోకూడదు. సూది కూడా కదలదు మా ఇంట్లో.

అవ్వ వచ్చింది. "ఎవురు పెట్టినారు ఈటిని?"

నాయన మోపెడ్‌ను అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "నేనేమ్మా. పాప గెలుస్తాదని..."

"గెలుస్తాదిలే! బండి ఈ పొద్దు, పూజ దిగేది రేపు. బుద్ధుండాదా నీకు?"

"నేను తీసుకుంటా అవ్వా" అన్నాను.

"ముట్టుకో చూస్తా! ఈటిని లేపితే మగ్గాన్ని లేపినట్టే."

నాకు తిక్క రేగింది. "నేను ఓడిపోయి పెనుకొండ పోవాలనే కదా నీకుండేది!" అని అరిచాను. అరిచి ఏడ్చాను కూడా.

అవ్వ రాకెట్లకేసి చూసింది. తర్వాత చెంగు దోపుకుంది. "పీటతో సహా ఎత్తితే తప్పు లేదు. దేవుళ్లు ఊరేగడంల్యా? నా మంచి చీర తీయండి, నేనూ వస్తాండా."

అలా నా రాకెట్లు ఊరేగింపుగా బయలుదేరాయి. రైల్లో అవ్వ, ఒడిలో పీట, పీట మీద రాకెట్లు, పక్కన నేనూ నాయనా. పెనుకొండలో ఎక్కిన ఆడవాళ్లు కళ్లకద్దుకున్నారు. ఒకామె తల్లోని మల్లెపూలు తీసి పెట్టి, "ఏం దేవరమ్మా?" అని అడిగింది. హిందూపురంలో ఎక్కిన మా కోచ్ సారు నోరు తెరిచేలోపే, "మెల్లగా సారూ, పూజలో ఉండాయి" అంది అవ్వ. ఆయన బెంగళూరుదాకా నోరెత్తలేదు.

పొద్దున్నే కోర్టు పక్కన హారతి. ఇక కొబ్బరికాయ యాడ కొట్టాల? అవ్వకు అంపైర్ కుర్చీ ఇనుప మెట్టు తప్ప ఇంకేదీ నచ్చలేదు. ఠప్! రిఫరీ పరిగెత్తుకొచ్చాడు. కొబ్బరినీళ్లు మా ఎనర్జీ డ్రింకని సారు ఆయనకు ఇంగ్లీషులో సర్దిచెప్పాడు.

"బొట్టు తుడిస్తే ఊరుకోను" అని అవ్వ హెచ్చరించింది. తుడవలేదు. నాలుగు దెబ్బలకే బంతులన్నీ పెళ్లికూతుళ్లయిపోయాయి. అవతలి అమ్మాయి ఒక బంతి ఎత్తి అంపైర్‌కు చూపించింది. రాకెట్ తుడుచుకోమన్నాడాయన. నేను అవ్వకేసి చూశాను.

"తుడుచుకోవే! చూస్తావేం!" అని కోర్టంతా అదిరేలా అరిచింది. గ్యాలరీలో మాట్లాడవద్దని ఆమెను మందలించారు. అప్పటినుంచి అవ్వ చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

మొదటి సెట్ పోయింది. రెండోది వచ్చింది. మూడో సెట్ చివర్లో సర్వుకు ఎగరేసిన బంతి నా నెత్తిమీదే పడింది. మళ్లీ ఎగరేశాను. అవతలి అమ్మాయి కొట్టింది నెట్‌కు తగిలి అటే పడిపోయింది.

గెలిచాను! సారు ఏడుస్తున్నాడు. నాయన వచ్చి, "ఎన్ని పాయింట్లు పాపా?" అన్నాడు.

"ఒకటి."

"ఒకటేనా!" అని మొహం వేలాడేశాడు. మరునాడు తర్వాతి రౌండులో నేను ఓడిపోతే, "మరి ఆ ఒకటీ వెనక్కి తీసుకుంటారా?" అని కంగారుపడ్డాడు.

తిరుగు రైల్లో హిందూపురంలో సారు దిగిపోయాడు. పెనుకొండలో బండి ఆగింది. అలవాటుకొద్దీ నేను మొహం అటు తిప్పుకున్నాను.

"ఫోనియ్యప్పా" అంది అవ్వ నాయనతో. బడి ఆయనకు కలిపించుకుని, రైలుపెట్టె అంతా వినేలా మాట్లాడింది. "ఏమప్పా, బాగుండావా? మా పాప రాదులే. అయ్యో, కోపమేం ల్యా, నీ బడి మంచిదే. దానికి పనుండాది."

ఫోన్ నాయనకిచ్చేసి, ఒడిలో రాకెట్లు సర్దుకుంది. నేను కిటికీలోంచి పెనుకొండను మొదటిసారి తిన్నగా చూశాను. కళ్లనిండా నీళ్లు, ఏమీ సరిగ్గా కనిపించలేదు.