గీత గీయనన్న మేడం

మా మేడం పోయారని అప్పారావు ఫోన్ చేసి చెప్పాడు. అప్పారావు మా పాత ఆఫీసులో జీపు నడిపేవాడు. "బావా, మేడం పోనారట. పొద్దున్న, ఆస్పత్రిలో," అన్నాడు. గోపాలపట్నం బజార్లో కూరగాయల సంచితో నిలబడి ఉన్నాను. వెనకనుంచి ఆటోవాడు తిట్టాక గాని రోడ్డు మధ్యలో ఉన్నానని తెలియలేదు.

ఆ వారంలోనే మా పాత ఆఫీసులో సంతాపసభ పెట్టారు. ఆవిడ ఫోటోకి బంతిపూల దండ వేశారు. అప్పటి మేనేజరు ఇప్పుడు డైరెక్టరు. మైకు పట్టుకుని, "ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి. శాంతమూర్తి. మన సంస్థకి ఆవిడ చేసిన సేవ మరువలేనిది," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిణ్ణి ఉద్యోగంలోంచి సాగనంపింది ఆయనే. లేచి అడిగేద్దామనుకున్నాను. ముందు వరసలో మేడం వాళ్లమ్మగారు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆ పెద్దావిడ మొహం చూసి బయటికి వచ్చేశాను. అక్కడ అనలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ఆవిడ శాంతమూర్తి కాదు. ఆవిడకి కోపం వచ్చేది, అదీ గట్టిగా వచ్చేది. పల్లెత్తు మాట కాదు, ఆఫీసంతా వినబడేలా అనేవారు. కాకపోతే అంత కోపంలోనూ "అండీ" వదిలేవారు కాదు. స్టీలు ప్లాంటు ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. "మీకు బుద్ధుందాండీ?" అని మర్యాదగా అడిగే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

తొంభైల చివర్లో నేను ఆ కంపెనీలో ఆవిడ కింద ప్రోగ్రామరుగా చేరాను. భూముల సర్వే మా పని. ఉపగ్రహాల సిగ్నళ్లు పట్టుకుని మనం భూమ్మీద ఎక్కడున్నామో చెప్పే యంత్రాలు అప్పుడప్పుడే మా చేతికొచ్చాయి. పోర్టు వైపు ఖాళీ స్థలాల్లో అవి బాగానే చెప్పేవి. సింహాచలం కొండల వెనక జీడితోటల్లోకి వెళితే మాత్రం పిచ్చెక్కినట్టు చేసేవి. కర్ర పాతి కదలకుండా నిలబడ్డా, తెరమీద మా చుక్క తోటంతా గెంతేది.

నాకు అర్థంకాక అడిగితే ఆవిడ వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ చెప్పారు. ఆకుల్లోంచి వచ్చేసరికి సిగ్నలు నీరసించిపోతుంది. కొన్ని సిగ్నళ్లు కొమ్మలకీ మొదళ్లకీ కొట్టుకుని చుట్టు తిరిగి వస్తాయి. అలా వచ్చినవి ఆలస్యంగా చేరతాయి కాబట్టి, ఉపగ్రహం ఇంకాస్త దూరంలో ఉందని యంత్రం అనుకుంటుంది. మా పాత సాఫ్ట్‌వేరు మంచి సిగ్నలూ చెడ్డ సిగ్నలూ ఒకే గంపలో పోసి సగటు తీసేది.

"చెట్టుదేం తప్పు లేదండి. దాని పని అది చేసుకుంటోంది. మన లెక్కే దొంగ లెక్క," అనేవారు.

దాన్ని బాగుచెయ్యడమే ఆవిడ పనైపోయింది. ఆదివారాలు కూడా కాన్వాసు బూట్లు వేసుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని తోటల్లో తిరిగేవారు. వాన వెలిసి ఆకులు తడిగా ఉన్నప్పుడే రండని మమ్మల్ని లాక్కెళ్లేవారు, సిగ్నలు అప్పుడే ఎక్కువ మోసం చేస్తుందని. సర్వే గొలుసు పట్టి కొలిచిన చోట్లకీ యంత్రం చెప్పిన చోట్లకీ తేడా చూసి లెక్క తిరగరాసేవారు. బలంగా వచ్చిన సిగ్నలుకి ఎక్కువ విలువ, నీరసంగా వచ్చినదానికి తక్కువ. మిగతావాటితో పొసగనిదాన్ని తీసి పక్కన పెట్టడం. నెలలు పట్టింది. చుక్క గెంతడం తగ్గింది.

తగ్గింది గాని పోలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. పోని చోట పోయిందని చెప్పడానికి ఆవిడ ఒప్పుకోలేదు. ప్రతి చుక్క చుట్టూ, అది ఎంత అటూ ఇటూ కావచ్చో చూపించే ఒక వలయం గీయించారు. చిన్న వలయమైతే నమ్మొచ్చు. వలయం మరీ పెద్దదైతే సాఫ్ట్‌వేరు హద్దు గీత గీయడం మానేసి, 'ఇక్కడ గొలుసుతో కొలవండి' అని చూపించేది. "తెలియనప్పుడు తెలియదని చెప్పే యంత్రం కావాలండి నాకు. తెలిసినట్టు చెప్పేవాళ్లు మనుషుల్లోనే బోల్డుమంది ఉన్నారు," అన్నారు.

కొన్నాళ్లకి కొండ దిగువన కొత్త రోడ్డుకి భూమి సేకరించే పని వచ్చింది. సర్వే మాదే. పటాలు గవర్నమెంటుకి వెళ్లిపోయాయి. ఓ మధ్యాహ్నం సూరీడమ్మ అనే ఆవిడ మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. ఎండలో నడిచొచ్చి వగరుస్తోంది.

"నానేటి సేసినాను తల్లీ? నరికేస్తారంట, నా సెట్లకి ఎర్ర రంగు పూసేసినారు. బావి కూడా గవర్మెంటుదేనంట. మా మావ తవ్వించిన బావి గవర్మెంటుదెలాగవుద్ది?"

మేడం ఆవిణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, పటం తీయించారు. చూస్తూ చూస్తూ ఆగిపోయారు. పటంలో ఒక్క వలయం లేదు. సూరీడమ్మ తోట మధ్యనుంచి, బావిని అవతలికి తోసేస్తూ, తిన్నగా నల్లటి గీత. సాఫ్ట్‌వేరులో వలయాలు గీసే భాగాన్ని మేనేజరు మేడంకి తెలియకుండా ఇంకొకరిచేత తీయించేశాడు.

పటం పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్లారు. తలుపు వెయ్యలేదు.

"ఈ గీత నేను గీయలేదండీ. నేను గీయనన్న చోట మీరు గీయించారు."

"క్లయింటుకి గీత కావాలి మేడం, సందేహాలు కాదు."

"అయితే ఓ స్కేలూ పెన్సిలూ ఇచ్చి పంపండి! ఉపగ్రహాలెందుకండీ మీకు? ఆవిడ బావి పోతోంది. బావి! మీకు సిగ్గనిపించట్లేదా?"

"అరవకండి."

"అరుస్తానండి."

మర్నాడే అప్పారావునీ నన్నూ తీసుకుని తోటకి బయల్దేరారు. చెట్లు లేని చోట పాత సర్వే రాయి ఉంటే, అక్కణ్ణుంచి గొలుసుతో లోపలికి కొలుచుకుంటూ వెళ్లాం. బావీ, దాని చుట్టూ చెట్లూ సూరీడమ్మ భూమిలోనే ఉన్నాయి. అందులో అనుమానమే లేదు. మేడం సంతోషించలేదు. ఎర్ర రంగు పూసిన చెట్టు మొదలుమీద చెయ్యి వేసి, "ఎంత తేలిగ్గా పూసేశారో," అన్నారు.

రెవెన్యూ అధికారి ముందు విచారణకి తనే వెళ్లారు. "యంత్రం అబద్ధం చెబుతుందా అమ్మా?" అని ఆయన అడిగాడు.

"యంత్రం నిజమే చెప్పిందండి, తెలియదని. ఆ మాట కొట్టేసి మీకు పటం ఇచ్చారు."

ఆయన మంచివాడు. హద్దు సరిచెయ్యమని ఉత్తర్వు ఇచ్చాడు. ఉత్తర్వు చేరేలోపే కాంట్రాక్టరు మనుషులు తోట పైభాగం నరికేసి పోయారు. "బావి మిగిలిందమ్మా. పైన సెట్లే నేవు," అని సూరీడమ్మ దండం పెట్టబోతే, మేడం ఆ చేతులు పట్టుకుని కిందికి దించేశారు.

సంస్థ పరువు తీశారని ఆవిణ్ణి తీసేశారు. సాఫ్ట్‌వేరు ఉంచుకున్నారు. తర్వాత్తర్వాత బయటి క్లయింట్లు, తప్పు ఎంతవరకూ ఉండొచ్చో చూపించమని అడగడం మొదలెట్టేసరికి, ఆ వలయాలే మళ్లీ తెచ్చి తమ ఘనతగా రంగుల పుస్తకంలో అచ్చేయించుకున్నారు. ఆవిడ పేరు ఎక్కడా లేదు. సంతాపసభకి వచ్చినవాళ్లందరికీ ఆ పుస్తకం తలా ఒకటి పంచారు. శాంతమూర్తి అనకపోతే ఇంకేమంటారు? చచ్చిపోయిన మనిషి అరవదుగా.

మేడం గాజువాకలో పాలిటెక్నిక్ పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ బతికారు. నాకు తెలిసినంతలో బాగానే బతికారు. ఆ లెక్కని ఇంకా మెరుగుచేసి, అడిగిన ప్రతి కుర్రాడికీ ఊరికే ఇచ్చారు. "వాళ్లకి అమ్ముకోవడం వచ్చండి, నాకు చెప్పడం వచ్చు," అనేవారు. అలా అని కోపం తగ్గిందనుకోకండి. నేను వెళ్లినప్పుడల్లా ఆ మేనేజర్ని తిట్టేవారు. నేనూ తిట్టేవాణ్ణి. అలా కలిసి తిట్టుకోవడంలో నాకు దొరికిన ధైర్యం ఇంకెక్కడా దొరకలేదు.

ఆఖరుసారి ఆవిణ్ణి గాజువాక జంక్షన్లో చూశాను. వైద్యం మొదలై జుట్టు రాలిపోయి, తలకి నూలు గుడ్డ కట్టుకుని ఉన్నారు. సిటీ బస్సొకటి స్టాపు దాటేసి, ఆపకుండా పోతోంది. నెత్తిమీద చేపల గంపలతో ఇద్దరు ఆడవాళ్లు దాని వెనక పరిగెత్తలేక పరిగెత్తుతున్నారు. మేడం రోడ్డుమీదికి దిగి, బస్సు పక్క రేకుమీద అరచేత్తో దబదబా బాదారు. "మనుషులు కనబడట్లేదాండీ మీకు?" బస్సు ఆగింది. ఆడవాళ్లిద్దరూ ఎక్కారు. కండక్టరు, "మీరూ ఎక్కండమ్మా," అన్నాడు.

"నా బస్సు ఇది కాదండి," అని, ఎర్రబడ్డ అరచెయ్యి చీర కొంగుకి తుడుచుకుంటూ, మళ్లీ వెళ్లి ఎండలో నిలబడ్డారు.