పన్నెండో సీసా

గురుమూర్తి చేతి వంట తిన్నవాళ్లెవరూ అతన్ని ఒక్క మాట అన్నది లేదు, తొంభై నాలుగు జనవరి దాకా. ఆ తర్వాత అన్నవాళ్లూ అతని వంట తిన్నవాళ్లే. తిన్న నోటితోనే అన్నారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అతని తండ్రి పాలకొండ దగ్గర్నుంచి భిలాయి వచ్చి, ఉక్కు కర్మాగారం కట్టే రోజుల్లో ఖలాసీగా ఇనుప దూలాలు మోశాడు. కొడుక్కి ప్లాంటులో ఉద్యోగం దొరకలేదు. దొరకలేదని కొడుకేమీ బెంగపెట్టుకోలేదు, అతనికి చిన్నప్పట్నుంచీ పొయ్యి దగ్గరే ఇష్టం. భిలాయి పక్కనే హథ్‌ఖోజ్‌లో యంత్రాల భాగాలు తయారుచేసే ఒక ప్రైవేటు కంపెనీ ఉంటే, దాని గెస్ట్‌హౌస్‌లో వంటవాడుగా చేరి పద్నాలుగేళ్లు గరిటె తిప్పాడు. కాపురం సుపేలా మార్కెట్ వెనక రెండు గదుల ఇంట్లో, భార్య నూకరత్నంతో.

రెండు విషయాల్లో అతనికి పేరుంది. మందు ముట్టడు, పరాయి వస్తువు ముట్టడు. అతిథులు సగం తాగి వదిలేసిన విలాయతీ సీసాలు గదుల్లో దొరికితే, వాసన కూడా చూడకుండా అప్పజెప్పేవాడు. తెలుగు సమాజం వాళ్ల శ్రీరామనవమి భోజనాలకి ఏటా వంట అతనిదే. భోజనాలు జరిగే మూడు రోజులూ సరుకుల గది తాళంచెవి అతని మొలతాడుకి వేలాడేది. పని అయ్యాక మిగిలిన జీడిపప్పు పలుకులతో సహా లెక్కగా ఇచ్చేసి, చేతులు దులుపుకుని ఇంటికి వచ్చేవాడు. ఆ తాళంచెవి అంటే అతనికి మహా గర్వం. ఉండదా మరి, ఇంకే ఆస్తి ఉంది గనక.

చిట్టిబాబుదీ పాలకొండ దగ్గర అదే ఊరు. చుట్టరికం లేదు గానీ ఇద్దరూ ఒకళ్లనొకళ్లు ‘బావా’ అనే పిలుచుకునేవాళ్లు. గురుమూర్తే కంపెనీ యజమాని సేఠ్‌జీ కాళ్లావేళ్లా పడి అతన్ని గెస్ట్‌హౌస్‌లో పెట్టించాడు. చిట్టిబాబు పదో తరగతి గట్టెక్కినవాడు, ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు, అందుకని కొన్నాళ్లకే కేర్‌టేకర్ అయ్యాడు. రిజిస్టర్లు అతని చేతిలోనే ఉండేవి. అందులో ఒకటి బహుమానాల రిజిస్టరు. అతిథి ఎవరైనా పనివాళ్లకి చొక్కా గుడ్డ ఇచ్చినా, పెన్ను ఇచ్చినా కేర్‌టేకర్ అందులో రాసి సంతకం చేయాలి. రాయందే వస్తువు గేటు దాటకూడదని రూలు.

తొంభై మూడులో కంపెనీకి ఇటలీ నుంచి ఒక పెద్ద యంత్రం వచ్చింది. దాన్ని బిగించడానికి బ్రూనో అనే ఇంజనీరు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, పొడుగ్గా, నవ్వుమొహంతో ఉండేవాడు. వచ్చిన రెండో నెలలో కామెర్లు పట్టుకున్నాయి. డాక్టరు మందులిచ్చి పథ్యం చెప్పి వెళ్లాడు. ఆ పథ్యాన్ని నెల్లాళ్లు నిలబెట్టింది గురుమూర్తి. పొద్దున్నే జావ, మధ్యాహ్నం మెత్తటి అన్నంలో పెసరకట్టు, నూరిన నేలఉసిరి కలిపిన మజ్జిగ. తినను అని బ్రూనో మొహం తిప్పుకుంటే గిన్నె పట్టుకుని మంచం పక్కనే కూర్చునేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా నెల తిరిగేసరికి ఆయన ‘గురూ’ అంటే, ఏం కావాలో ఇతనికి అర్థమైపోయేది.

ఊరికి వెళ్లబోయే ముందు రోజు ఉదయం బ్రూనో వంటగదిలోకి వచ్చాడు. చేతిలో ఉన్ని స్వెటర్‌లో చుట్టిన సీసా ఒకటి ఉంది. చిట్టిబాబు అక్కడే టీ తాగుతున్నాడు. బ్రూనో ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషులో చెప్తుంటే అతనే తెలుగు చేసి చెప్పాడు.

“వైన్ అట బావా, ఎర్ర ద్రాక్షది. ఆళ్ల సొంత తోటదట. తాత కొండవార నాటాడట, ఇప్పుడు నాన్నా అన్నా వదినా చూసుకుంటున్నారట. పొగమంచు పడే రోజుల్లో కోస్తారట. ఎనభై రెండులో కోసింది ఇది. చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచి, ఆ పీపాలన్నిట్లోకీ మంచిదాన్ని ఇంటోళ్ల కోసమే సీసాల్లో పోసుకుంటారట. అమ్మరట.”

“నాను తాగను కదేటి, చెప్పు.”

“చెప్పాను. ఈయన్ని కూడా డాక్టరు ఏడాదిన్నర దాకా ముట్టొద్దన్నాడట. మళ్లీ వచ్చినప్పుడు ఇద్దరం కలిసి ఓ గుక్కెడు తాగుదాం, అప్పటిదాకా నీ దగ్గర దాచు అంటన్నాడు.”

గురుమూర్తి చేతులు తుడుచుకుని రెండు చేతులతో అందుకున్నాడు. సీసా మీద అంటించిన కాగితంలో రాతి ఇల్లు, దాని వెనక కొండ ఉన్నాయి. ఆ బొమ్మ బ్రూనో చెల్లెలు వేసిందట. పడుకోబెట్టి ఉంచాలనీ, వేడి తగలకూడదనీ, కుదపకూడదనీ బ్రూనో చేతులతో చూపించాడు. ఆయన వెళ్లాక గురుమూర్తి, “రిజిస్టర్లో రాసీ బావా,” అన్నాడు.

“మనలో మనకి రాతలేటి? గేటు కాడ నానున్నాను కదేటి, పట్టుకెళ్లిపో,” అన్నాడు చిట్టిబాబు. వేరేవాడు ఎవడైనా అయితే గురుమూర్తి పట్టుబట్టి రాయించుకునేవాడు. ఊరివాణ్ణి, అందులోనూ బావా అని పిలిచేవాణ్ణి, సంతకం పెట్టమని రెండోసారి అడగడం మర్యాద కాదనుకున్నాడు.

ఇంట్లో నూకరత్నం మొదట ససేమిరా అంది. సింహాచలం అప్పన్న పటం ఉన్న ఇంట్లో సారా సీసా ఏమిటని. చివరికి బియ్యం డబ్బాలో, బియ్యం మధ్యన పడుకోబెట్టడానికి ఒప్పుకుంది. భిలాయి ఎండాకాలం తెలిసినవాడు గనక గురుమూర్తి ఆ డబ్బా చుట్టూ తడి గోనె చుట్టి, పూటపూటా నీళ్లు చల్లాడు. పసిబిడ్డకి కూడా ఎవరూ అంత చేయరని నూకరత్నం వేళాకోళమాడేది. బియ్యం తీసినప్పుడల్లా సీసా కదలకుండా తీసేదీ ఆవిడే.

మరుసటి జనవరిలో యంత్రం ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. పెద్దవాళ్లందరికీ గెస్ట్‌హౌస్‌లో మధ్యాహ్న భోజనం. బ్రూనోకి రావడానికి వీలు పడలేదు గానీ, ఆ విందు కోసం ఆయన ఇంటి వైన్ పెట్టె ఒకటి ఇటలీ నుంచి తెప్పించారు. ఆ ఉదయం కొత్త మేనేజరు మనోజ్‌కుమార్ దగ్గరుండి పెట్టె విప్పించాడు. మొదటి సీసా బయటికి రాగానే గురుమూర్తి ఆ రాతి ఇంటి బొమ్మని గుర్తుపట్టేశాడు. ఉండబట్టలేక, “సాబ్, యే తో మేరే ఘర్ మే భీ హై,” అన్నాడు. మా ఇంట్లో కూడా ఉంది అని. అమాయకుడు, తన చేత్తోనే తన మెడకి తాడు తగిలించుకున్నాడు.

ఎందుకంటే పెట్టె మీద పన్నెండు అని రాసుంది. లోపల పదకొండే ఉన్నాయి.

మేనేజరు గొంతు పెంచలేదు. నీకెక్కడిది అని అడిగాడు. బ్రూనో సాబ్ పోయినేడు ఇచ్చాడని గురుమూర్తి చెప్పాడు. మేనేజరు బహుమానాల రిజిస్టరు తెమ్మన్నాడు, పేజీలన్నీ తిప్పాడు. ఎక్కడా లేదు.

“చిట్టిబాబు ఉన్నాడు సాబ్, ఆ రోజు. తనే మాట్లాడాడు. అడగండి,” అన్నాడు గురుమూర్తి. అతనికి అప్పటికి ఏ భయమూ లేదు. బావ పక్కనే నిలబడి ఉన్నాడు, నోరు తెరిస్తే అయిపోతుంది.

చిట్టిబాబు కుళాయి వైపు చూశాడు. రాయకుండా గేటు దాటించానని ఒప్పుకుంటే తన మెడకి చుట్టుకుంటుంది. కొత్త మేనేజరు, పైగా సూపర్‌వైజరు పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. అంత లెక్కా ఆ కాసేపట్లోనే వేసుకున్నాడు మహానుభావుడు.

“మాలూమ్ నహీ సాబ్,” అన్నాడు. “రిజిస్టర్‌లో అయితే లేదు.”

గురుమూర్తి అతని మొహంలోకి చూశాడు. హిందీలో ఏదో పొరపాటుగా అన్నాడేమోనని, “బావా, వంటగదిలో, నువ్వు టీ తాగతన్నావు…” అని తెలుగులో గుర్తు చేయబోయాడు. చిట్టిబాబు గుర్తు లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.  గురుమూర్తికి మేనేజరు నమ్మకపోవడం బాధ కాదు, ఆయన ఎవరు, నిన్న కాక మొన్న వచ్చాడు. ఇరవై ఏళ్లు ఒకే కంచంలో తిన్నవాడు, నిజం తెలిసిన ఒకే ఒక్కడు, తెలీదన్నాడు.

వాచ్‌మన్ స్కూటరు మీద ఇంటికి వెళ్లి సీసా పట్టుకొచ్చాడు. దానికింకా బియ్యపు తవుడు అంటుకునే ఉంది. పన్నెండో సీసా దొరికిందని మేనేజరు దాన్ని కూడా బల్ల మీద పెట్టించాడు. అతిథులు వచ్చే వేళయింది, వంటవాణ్ణి అప్పటికప్పుడు పంపేస్తే పని సాగదు. అందుకని, “ఆజ్ కామ్ కరో, కల్ సే కాంటీన్,” అన్నాడు. ఈ రోజుకి పని చేసి, రేపట్నుంచి ఫ్యాక్టరీ కాంటీన్‌కి పొమ్మన్నమాట.

అలా తన సీసాని తనే తెరిచాడు గురుమూర్తి. కుదపకుండా, బిరడా విరగకుండా, మెల్లిగా. తెరవగానే వచ్చిన వాసన ఎండిన గులాబీలదో తడి మట్టిదో అతనికి తెలియలేదు గానీ, ఇది మిగతా పదకొండింటిలాంటిది కాదని వంటవాడి ముక్కు చెప్పింది. గ్లాసుల్లో పోశాడు. ఒకాయన అందులో సోడా కలపమన్నాడు. ఇంకొకాయన ఐసు ముక్కలు వేయించుకుని, పుల్లగా ఉందని మొహం చిట్లించి పక్కన పెట్టేశాడు. ఒక పల్లె కుటుంబం తమ కోసం దాచుకున్నదాన్ని అలా తగలేశారు. గురుమూర్తి మాత్రం ఆ వేళంతా ట్రే పట్టుకుని నిలబడ్డాడు.

కాంటీన్‌లో అతని పని బంగాళాదుంపలు చెక్కడం. వారం తిరక్కుండా దారూచోర్, అంటే మందుదొంగ, అనే పేరు హథ్‌ఖోజ్ నుంచి సుపేలా దాకా పాకింది. బ్రూనోకి ఉత్తరం రాయిద్దామంటే ఆఫీసులో చిరునామా ఇచ్చేవాళ్లు లేరు, ఇంకెక్కడైనా ఉందీ అంటే ఆ సీసా మీదే. ఆ సీసా ఏ చెత్తలో కలిసిందో తెలియదు. శ్రీరామనవమి వచ్చింది. సమాజం అధ్యక్షుడు రామమోహనరావు గారు కబురు పెట్టారు, “ఈసారికి నువ్వు వంట చూసుకో నాయనా, సరుకుల గది వేరేవాళ్లు చూసుకుంటారు,” అని. గురుమూర్తి ఆ ఏడు వంటకి వెళ్లలేదు. నూకరత్నం పానకం ఇంట్లోనే చేసింది. ఆ సరుకుల గది తాళంచెవి పుచ్చుకుంది చిట్టిబాబు. ఒంటికి ఏ జ్వరమూ లేకుండానే గురుమూర్తి ఆ వేసవిలో సగమైపోయాడు.

నవంబరులో బ్రూనో వచ్చాడు. కారు దిగుతూనే గురు ఎక్కడని అడిగాడట. కాంటీన్‌కి మనిషిని పంపారు. దుంపల మట్టి చేతులతోనే వెళ్లాడు గురుమూర్తి. సేఠ్‌జీ గదిలో బ్రూనో లేచి వచ్చి ఆ చేతులే పట్టుకున్నాడు. సంగతంతా విని మొహం ఎర్రబడింది ఆయనకి. సీసా ఇచ్చింది తనే అన్నాడు. పెట్టెలో ఒకటి విమానంలోనే పగిలితే తీసేశారనీ, విమాన కంపెనీ వాళ్లు ఆ సంగతి రాసిన కాగితం తన దగ్గరికి వచ్చిందనీ చెప్పాడు. అసలు దొంగతనమే లేదు. ఎనభై రెండు నాటి దాన్ని సోడాతో తాగారని తెలిసి, ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

“ఇచ్చినప్పుడు ఎవరైనా ఉన్నారా?” అని సేఠ్‌జీ అడిగారు. ఎవరో మాట్లాడిపెట్టారు గానీ, ఏడాదిన్నర కిందటి సంగతి, ఆ మొహం గుర్తు లేదన్నాడు బ్రూనో. సేఠ్‌జీ గురుమూర్తి వైపు తిరిగారు. ఫైళ్లు పట్టుకుని గుమ్మం దగ్గర చిట్టిబాబు నిలబడి ఉన్నాడు. సూపర్‌వైజర్ చిట్టిబాబు. కళ్లతోనే బతిమాలుతున్నాడు.

గురుమూర్తికి ఒక్క క్షణం జాలేసింది. వద్దులే అనుకున్నాడు కూడా. కానీ తెలీదని అబద్ధం ఆడడం ఎలాగో అతనికి చేతకాలేదు. “ఉన్నాడు సేఠ్‌జీ. చిట్టిబాబు ఉన్నాడు,” అన్నాడు.

గురుమూర్తికి గెస్ట్‌హౌస్ వంటగది తిరిగొచ్చింది. చిట్టిబాబుని సూపర్‌వైజరు పోస్టులోంచి తీసి స్టోర్స్ గేటు దగ్గర కూర్చోబెట్టారు. న్యాయం జరిగిందని కథ ఇక్కడ ఆపేస్తే అందరికీ హాయి. కానీ ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం రామమోహనరావు గారు అతన్ని సెక్టర్ 4లో తన క్వార్టర్‌కి పిలిచారు. గదిలో సమాజం పెద్దలు నలుగురు ఉన్నారు. ఓ మూల చిట్టిబాబు తల వంచుకుని కూర్చున్నాడు, భుజం మీద కండువాతో కళ్లు ఒత్తుకుంటూ.

“నీ సంగతి తేలిపోయింది, సంతోషం,” అన్నారు రామమోహనరావు గారు. “కానీ వీడి పేరు చెప్పకుండా ఉండాల్సింది నాయనా. సీసా నేనే ఇచ్చానని ఆ దొర చెప్పాక నీ పని అయిపోయింది కదా. పిల్లలు గలవాడు. మన ఊరోడు.”

“నన్ను దొంగని అన్నప్పుడు నాను ఏ ఊరోణ్ణండీ?” అని అడిగాడు గురుమూర్తి. “పది నెలలు. మీలో ఒక్కరైనా ఈణ్ణి పిలిచి, నిజం చెప్పరా అని అడిగారా?”

“వీడు భయపడ్డాడు. నువ్వలా కాదు, తెలిసి చేశావు. అది వేరు,” అన్నారు రామమోహనరావు గారు.

చిట్టిబాబు తలెత్తాడు. “నీకు నానేటి అన్యాయం చేశాను బావా? తెలీదన్నాను. అంతే కదా. నువ్వు పేరెట్టి చెప్పీసావు,” అన్నాడు. ఆ గొంతులో నటన లేదు. నిజంగానే తనకి ద్రోహం జరిగిందని నమ్ముతున్నాడు. గదిలో అందరూ అతనివైపే జాలిగా చూస్తున్నారు.

గురుమూర్తి లేచి వచ్చేశాడు. సుపేలా దాకా ఆటో ఎక్కలేదు, నడిచే వెళ్లాడు. గుమ్మంలో నూకరత్నం, “ఏటన్నారు?” అని అడిగింది.

“నాను దొంగని కాదట,” అన్నాడు. “ద్రోహినట.”

దారూచోర్ అన్న పది నెలల్లో ఒక్క కన్నీటి చుక్క రాల్చని మనిషి, చెప్పులైనా విప్పకుండా ఆ గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. నూకరత్నం పక్కన కూర్చుంది. ఊరుకోమని మాత్రం అనలేదు.